కొత్త రోడ్డు గీత వెంట పురావస్తు సర్వే: ‘ఏమీ లేదు’ అని రాసే ముందు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: కొత్తగా వేయబోయే రోడ్డుకి గీసిన గీత 40 కిలోమీటర్లు, వెడల్పు 60 మీటర్లు. మీతో కలిపి నలుగురు. చేతిలో ఆరు వారాలు. దారిలో సగం పొలాల్లో పైరు నిలబడి ఉంది. ఇంజినీర్లు మాత్రం ‘పాత కట్టడాలూ పాత ఊళ్ళూ ఏమైనా ఉన్నాయా లేవా, ఒక్క పేజీలో చెప్పండి’ అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత దగ్గరదగ్గరగా నడవాలి, ఏమీ కనపడకపోతే ఏమని రాయాలి?

చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మిగతా పనంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. ‘ఉన్నాయా లేవా’ అన్నదానికి రెండు జవాబులు చాలవు, మూడు కావాలి. ఇక్కడ ఉంది. ఇక్కడ బాగా చూశాం, కనపడలేదు. ఇక్కడ చూడటానికి వీలు పడలేదు. మీ మ్యాపులో ఈ మూడింటికీ మూడు రంగులు ఉండాలి. ఈ మూడో రంగే చాలా నివేదికల్లో ఉండదు. పైరు వల్లో, ముళ్ళపొదల వల్లో, ఒండ్రు మట్టి వల్లో నేల కనపడని చోటు కూడా మ్యాపులో తెల్లగా మిగిలిపోతుంది. ఆ తెలుపు చూసి డిజైన్ చేసేవాళ్ళు ‘ఇక్కడ అడ్డేమీ లేదు’ అనుకుని గీత ఖాయం చేసేస్తారు. రెండేళ్ళ తర్వాత అక్కడే పొక్లెయిన్ బకెట్‌లో ఎముకలు లేస్తాయి. అప్పటికి భూమి తీసుకోవడం అయిపోయి ఉంటుంది, కాంట్రాక్టు నడుస్తుంటుంది, గీత జరపడం ఎవరి తరమూ కాదు. గీత ఇంకా కాగితం మీదే ఉన్నప్పుడు నలభై మీటర్లు పక్కకి జరపడం పెద్ద పనేమీ కాదు. మీ సర్వే విలువంతా ఆ సమయంలోనే ఉంది. కాబట్టి దొరికినవాటి జాబితా ఎంత ముఖ్యమో, చూడలేకపోయిన చోట్ల జాబితా అంతకన్నా ముఖ్యం. దాన్ని దాచుకోవాల్సిన లోపంగా చూడకండి.

ఇక పని. ఆరు వారాల్లో మొదటి వారం పొలంలోకి దిగొద్దు. బల్ల దగ్గరే కూర్చోండి.

మొదట తేల్చుకోవాల్సింది, మీ చేతికిచ్చిన గీత ఏ తేదీది అన్నది. రోడ్డు అలైన్‌మెంట్ నెలనెలా మారుతుంటుంది. మీరు నడిచిన గీత, ఇంజినీర్లు ఖాయం చేసిన గీత వేరైతే పనంతా వృథా. ఫైలు తేదీ, వెర్షన్ నంబరు రాతపూర్వకంగా తీసుకుని నివేదిక మొదటి పేజీలోనే వేయండి. తర్వాత ఆ ఫైలు ఏ డేటమ్‌లో ఉందో అడగండి. డేటమ్ అంటే అక్షాంశ రేఖాంశాల్ని ఏ లెక్క మీద కొలుస్తారో ఆ ఆధారం. జీపీఎస్ పరికరాలు డబ్ల్యూజీఎస్ 84 అనే డేటమ్ వాడతాయి. పాత టోపో షీట్లు వేరే లెక్క మీద గీసినవి. ఒకదాని అంకెల్ని మార్చకుండా ఇంకోదాని మీద పెడితే స్థలం ప్రాంతాన్ని బట్టి వంద నుంచి కొన్ని వందల మీటర్ల దాకా పక్కకి జరుగుతుంది. 60 మీటర్ల పట్టీలో పనిచేసేవాళ్ళకి ఇది చిన్న తేడా కాదు. ఏ మ్యాపులోనైనా, నేల మీదైనా మారకుండా కనిపించే రెండు మూడు గుర్తులు, అంటే పాత వంతెన, కొండ మీది సర్వే రాయి లాంటివి, పట్టుకుని సరిచూసుకోండి.

అలాగే మట్టి ఎక్కడి నుంచి తెస్తారో అడగండి. దీని గురించి మళ్ళీ వస్తాను.

తర్వాత పాత చిత్రాలు. ఇప్పటి ఉపగ్రహ చిత్రం అందంగా ఉంటుంది కానీ ట్రాక్టర్లు, బుల్‌డోజర్లు చదును చేసేశాక ఉన్న నేలనే చూపిస్తుంది. అమెరికా కరోనా నిఘా ఉపగ్రహాలు 1960 నుంచి 1972 దాకా తీసిన ఫిలిం చిత్రాలు 1995లో రహస్య జాబితా నుంచి బయటికి వచ్చాయి. వాటిలో మంచివి రెండు మీటర్ల దాకా స్పష్టంగా ఉంటాయి. చాలా దేశాల్లో పెద్ద యంత్రాలు పొలాల్లోకి రాకముందున్న నేల అది. ఇప్పుడు చదునుగా ఉన్న పొలంలో అప్పుడొక గుండ్రటి దిబ్బ కనపడిందంటే, ఆ దిబ్బ పూర్తిగా పోయిందనుకోవద్దు. పైభాగం చుట్టూ పరుచుకుంది, అడుగుభాగం దుక్కి కింద అలాగే ఉండొచ్చు. పాత చిత్రంలో ఉండి కొత్త చిత్రంలో లేని ప్రతి దిబ్బకీ, వంకర తిరిగిన ప్రతి గట్టుకీ ఒక చుక్క పెట్టుకోండి. ప్రాంతాన్ని విమానం నుంచి లేజర్ కిరణాలతో నేల ఎత్తుపల్లాలు కొలిచే లైడార్‌తో కొలిచి ఉంటే అది అడవి, పొదల కింది నేలని కూడా చూపిస్తుంది. రోడ్డు డిజైన్ కోసం చాలాసార్లు లైడార్ ఎగరేస్తారు, పురావస్తువాళ్ళకి ఇవ్వాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాదు. అడిగి తీసుకోండి. చెట్లూ పొదలూ తీసేసిన ఉపరితలం మాత్రమే కాక లేజర్ కొలిచిన అసలు పాయింట్లు కూడా అడగండి. సన్నటి గట్లు ‘శుభ్రం చేసే’ దశలోనే చెరిగిపోతుంటాయి.

రక్షిత కట్టడాల జాబితా, పాత తవ్వకాల నివేదికలు, పాత రెవెన్యూ మ్యాపులు, ఊళ్ళ పేర్లు ఎటూ చూస్తారు. వాటి గురించి ఎక్కువ చెప్పను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. జాబితాలో ఉన్నవి తెలిసినవి. మిమ్మల్ని పంపింది తెలియనివాటి కోసం. ఇండియాలో 1958 పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్రం రక్షించే కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా నిర్మాణం నిషిద్ధం, ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రితం. అది ప్రకటించిన కట్టడాలకే. అమెరికా 1966 చారిత్రక స్థలాల పరిరక్షణ చట్టంలోని 106వ సెక్షన్ జాబితాలోకి ఎక్కినవాటితో పాటు ఎక్కే అర్హత ఉన్నవాటిని కూడా లెక్కలోకి తీసుకోమంటుంది. ఐరోపా దేశాలు 1992లో మాల్టా రాజధాని వాలెట్టాలో ఒప్పందం చేసుకుని పురావస్తు పనిని ప్రణాళిక దశలోకే తెచ్చాయి. మీ పని ఏ చట్టం కిందికి వస్తుందో ముందే చూసుకోండి. చట్టం అడిగినంత మాత్రమే చేస్తే మాత్రం జాబితాలో లేని ఏ ఊరూ మీ కంటపడదు.

బల్ల దగ్గర చేసే పనుల్లో నేను అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టేది నేల తీరు మీద. 40 కిలోమీటర్లనీ ముందు నేల వయసుని బట్టి ముక్కలు చేయండి. కొండవాలు, వాలు కింద మట్టి జారి చేరిన పల్లం, వాగు పక్కన ఎత్తుగా నిలిచిన పాత గట్టు, ఇప్పటికీ వరద వచ్చే ఒండ్రు మైదానం, రాయి తేలిన మెరక. ఒక్కోదాంట్లో ‘కనపడలేదు’ అన్న మాటకి ఒక్కో అర్థం. రాయి తేలిన మెరక మీద మట్టే జానెడు లేదు. అక్కడ మనుషులు ఏం వదిలినా పైనే ఉండాలి, లేదంటే కొట్టుకుపోయి ఉండాలి. అక్కడ బాగా నడిచి చూసి ఏమీ లేదంటే ఆ మాటకి విలువ ఉంది. ఒండ్రు మైదానంలో మూడువేల ఏళ్ళ కిందటి నేల ఇప్పుడు రెండు మూడు మీటర్ల లోతున ఉండొచ్చు. అక్కడ పైన నడిచి ఏమీ లేదనడానికి ఆధారమే లేదు. వాలు కింది పల్లంలోనూ అంతే, పైనుంచి జారిన మట్టి పాత నేలని కప్పేస్తుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, అక్కడ పైన కనిపించే పాత కుండల పెంకులు వాలు మీది నుంచి దొర్లి వచ్చినవి కావచ్చు. నీళ్ళకి దగ్గరగా, వరదకి అందకుండా ఉండే పాత గట్ల మీదే పూర్వం మనుషులు ఎక్కువగా ఉండేవాళ్ళు. రోడ్డు వాగు దాటే చోటల్లా వంతెన కోసం ఆ గట్టునే తవ్వుతారు. ప్రతి వాగు దాటే చోటునీ ముందే ఎర్రరంగులో గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు నడక లెక్క. 60 మీటర్ల పట్టీలో 10 మీటర్లకో వరుస అంటే ఆరు వరుసలు, మొత్తం 240 కిలోమీటర్ల నడక. కానీ పట్టీలోనే నడిచి ఆపేయకూడదు. పాత ఊరికి రోడ్డు హద్దులు తెలియవు. పట్టీ అంచున నాలుగు పెంకులు దొరికితే అవి ఊరి శివారా, ఎవరో పారేసినవా తేలాలంటే పక్కకి వెళ్ళి చూడాలి. అటూ ఇటూ వందేసి మీటర్లు, 20 మీటర్లకో వరుస చొప్పున, పది వరుసలు, ఇంకో 400 కిలోమీటర్లు. రాసుకుంటూ, ఫొటోలు తీస్తూ, ఆగుతూ నడిచే మనిషి రోజుకి ఐదు కిలోమీటర్లు సరిగ్గా చూడగలడు. అంతకు మించి నడవొచ్చు కానీ చూడలేరు. నలుగురికి మొత్తం 32 రోజులు. వారానికి ఆరు రోజులు చేసినా మీకున్నవి 36. బల్ల పనికి వారం పోతే ఇది కుదరదు. కానీ సగం పొలాల్లో పైరుంది కదా, అక్కడ ఎలాగూ నడవలేరు. మిగిలిన సగానికి ఇదే లెక్క వేస్తే 16 రోజులు. బల్ల పనికి 6, నడకకి 16, ఇంకా 14 రోజులు మిగులుతాయి. అందులో ఆరు రోజులు పెంకులు కడగడానికీ రాయడానికీ ఉంచేసి, ఎనిమిది రోజులు పైరున్న చోట్లకీ, అనుమానం వచ్చిన చోట్లని మళ్ళీ చూడటానికీ పెట్టండి. పైరున్న సగాన్ని కూడా ఏదో ఒకలా నడిచేశామనిపించుకోవాలని గట్ల మీద నడిచి, పొలం నడిచినట్టు రాసే పని మాత్రం చేయొద్దు. గట్టు మీద నడిచారా, గట్టు మీద నడిచామనే రాయండి.

10 మీటర్లకో మనిషి అంటే బాగా దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తుంది. నడుస్తున్న మనిషి నిజంగా చూసేది అటో మీటరు, ఇటో మీటరు. పది మీటర్లలో రెండు. అంటే నేలలో ఐదోవంతు. ముప్ఫై మీటర్ల మేర పరుచుకున్న పెంకుల మీదుగా మూడు వరుసలు వెళతాయి, తప్పించుకోవడం కష్టం. ఆరేడు మీటర్ల సమాధి రాళ్ళ వలయమో, రాతి పనిముట్లు చెక్కుకున్న చిన్న చోటో రెండు వరుసల మధ్య హాయిగా ఇమిడిపోతుంది. ‘10 మీటర్ల ఎడంతో నడిచాం’ అని రాసిన చోటే ‘ఇంతకన్నా చిన్నవి తప్పిపోయే వీలుంది’ అని కూడా రాయండి. బల్ల దగ్గర ఎర్రరంగు పెట్టుకున్న చోట్ల ఎడం ఐదు మీటర్లకి తగ్గించండి.

ప్రతి వరుసని 50 మీటర్ల ముక్కలుగా లెక్క కట్టండి. ఒక్కో ముక్కకి ఎన్ని పెంకులు, ఎన్ని రాతిముక్కలు, నేల ఎంత శాతం కనపడింది, వెలుతురు ఎలా ఉంది. నేల కనపడిన శాతం ప్రతి ముక్కకీ రాయాలి, ఏమీ దొరకని ముక్కకి కూడా. తొంభై శాతం కనపడిన చోట రెండు పెంకులు, పది శాతం కనపడిన చోట రెండు పెంకులు ఒకటి కావు. నలుగురి కళ్ళూ ఒకేలా ఉండవు. ఒకరికి రాళ్ళు కనపడతాయి, ఒకరికి పెంకులు. అందుకని పూటకోసారి వరుసలు మార్చుకోండి. ఒకరోజు చూసిన ముక్కల్లో కొన్నిటిని ఇంకోరోజు వేరేవాళ్ళ చేత నడిపించండి. రెండు లెక్కల మధ్య తేడాయే మీ సర్వే ఎంత నమ్మదగినదో చెబుతుంది. ఆ తేడాని నివేదికలో పెట్టండి.

కొత్తగా దున్ని, ఒక వాన పడి, పైన దుమ్ము కడిగేసిన పొలం అన్నిటికన్నా మంచిది. దున్నగానే చూస్తే పెంకులు కూడా మట్టి రంగులోనే ఉంటాయి. చిన్న ఎత్తుపల్లాలు చూడాలంటే ఉదయం, సాయంత్రం వాలు వెలుతురులో. పెంకులు చూడాలంటే మబ్బు పట్టిన రోజు మేలు, నీడలు కళ్ళని మోసం చేయవు.

ఏం చూడాలో కొంచెం దగ్గరగా చెబుతాను. కుండపెంకుని విరిగిన అంచు వైపు నుంచి చూడండి. చేతితో చేసినదైతే మందం ఒక్క ముక్కలోనే మారుతూ ఉంటుంది. చక్రం మీద చేసినదైతే లోపలి వైపు సమాంతరంగా సన్నటి గీతలు ఉంటాయి. అంచులో మధ్యన నల్లగా, రెండు వైపులా ఎర్రగా ఉంటే గాలి, వేడి పూర్తిగా అందని కాల్పు. పెంకు మూలలు పదునుగా ఉంటే అది ఈమధ్యే కిందినుంచి నాగలితో పైకొచ్చి ఉండొచ్చు, అంటే కింద ఇంకా ఉండొచ్చు. మూలలు అరిగి గుండ్రంగా ఉంటే ఎన్నో ఏళ్ళుగా దుక్కిలో దొర్లుతోంది, లేదా నీళ్ళలో కొట్టుకొచ్చింది. ఈ ఒక్క తేడా రాసుకుంటేనే చాలా విషయాలు తేలతాయి.

రాతి పనిముట్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. చెకుముకి రాయిని మనిషి కొడితే లేచిన పెచ్చుకి ఒక వైపు దెబ్బ తగిలిన చిన్న చదును, దాని కింద ఉబ్బెత్తు గుబ్బ, అక్కడి నుంచి అలలు అలలుగా వలయాలు ఉంటాయి. పలుగురాయిలో ఇవి అంత స్పష్టంగా రావు, అందుకే పలుగురాయి పనిముట్లు నివేదికల్లోకి తక్కువ ఎక్కుతాయి. పైగా నాగలి కర్రు, ట్రాక్టరు చక్రం, పాత రోడ్డు కంకర కూడా రాళ్ళని పెచ్చులుగా లేపుతాయి. ఒకే సైజు సన్నటి పెచ్చులు, ఒకే రకం రాయి, అదీ దగ్గర్లో సహజంగా దొరకని రాయి ఒకచోట చేరితే అది మనిషి పని. ఒక్క పెచ్చుని చూసి నిర్ణయించొద్దు.

ఇక పెంకుల కన్నా ముందు కంటపడేది మట్టి రంగు. చుట్టూ ఎర్రనేల ఉండగా ఒకచోట బూడిదరంగు మెత్తటి మట్టి, ఎముక ముక్కలు, బొగ్గు పొడి, ఇనుప చిట్టెం ఉన్నాయంటే అక్కడ చాలాకాలం మనుషులున్నారు. దక్కన్‌లోని కొత్తరాతియుగపు బూడిద దిబ్బల గురించి పంతొమ్మిదో శతాబ్దంలో రకరకాల ఊహలు చేశారు, అగ్నిపర్వతం బూడిద అన్నవాళ్ళు కూడా ఉన్నారు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ అది పశువుల పేడ కాలిన బూడిద అన్నాడు. 1957లో పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వినప్పుడు ఆ పొరల్లో పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి, దిబ్బ పశువుల దొడ్డిదని తేలింది. అలాంటి దిబ్బల మట్టిని చాలాచోట్ల ఎరువుగా తవ్వుకుపోయారు. రోడ్డు కట్టకి మట్టి వెతికేవాళ్ళకి కూడా అది మట్టిగుట్టలాగే కనిపిస్తుంది. గుట్ట సహజమా కాదా అని అనుమానం వస్తే దాని మీద కాకుండా దాని కోసిన అంచు దగ్గర నిలబడి చూడండి.

కోసిన అంచులు అన్నాను కదా, అవి మీరు డబ్బులివ్వకుండానే ఎవరో తవ్వి పెట్టిన గుంటలు. పాత బావి గోడ, కాలవ గట్టు, వాగు కోసిన ఒడ్డు, కరెంటు స్తంభం గుంత, పైపులైను తవ్విన మట్టి, ఎలుక కలుగు ముందు కుప్ప, చెదల పుట్ట. పుట్ట మట్టిలో చిన్న చిన్న పెంకు ముక్కలూ పూసలూ ఉంటే అవి కిందినుంచి వచ్చినవి. ఒండ్రు నేలలో ఇలాంటి అంచులు మాత్రమే మీకు లోతు చూపిస్తాయి. కాబట్టి పట్టీ బయట ఉన్నా సరే, ఏ ఒడ్డునీ వదలకుండా చూడండి. కోసిన ఒడ్డులో ఒక నల్లటి గీతలాంటి పొర కనిపిస్తే పైనుంచి ఎంత లోతో కొలిచి, టేపు పెట్టి ఫొటో తీసి, పక్కనే ఉన్న మిగతా ఒడ్డుల్లో అదే లోతున ఉందేమో చూడండి.

దొరికిన ప్రతి పెంకూ స్థలం కాదు. పెరట్లోని చెత్త, పేడ ఎరువుగా పొలాలకి తోలినప్పుడు విరిగిన కుండలు కూడా దానితో వెళ్ళాయి. పశ్చిమాసియాలో పురావస్తు శాస్త్రవేత్త టోనీ విల్కిన్‌సన్ చేసిన పరిశీలనల తర్వాత పొలాల్లో పలచగా పరుచుకున్న పెంకుల్ని చాలామంది ఇలాగే అర్థం చేసుకుంటున్నారు. మీ 40 కిలోమీటర్లలోనూ ఒక ‘మామూలు స్థాయి’ ఉంటుంది. దాన్ని 50 మీటర్ల లెక్కల నుంచే తీయాలి. ఆ మామూలు స్థాయి కంటే బాగా ఎక్కువగా, ఒకచోట గుంపుగా, పదును మూలలతో, మట్టి రంగు మారుతూ ఉన్నదాన్నే స్థలంగా రాయండి. అలాగని మామూలు స్థాయిని పారేయకండి. ఎక్కడ ఎరువు తోలారో తెలిస్తే ఊరు ఎటువైపు ఉండేదో తెలుస్తుంది. ఇంకొక మాట: దుక్కిలో ఉన్నవాటిలో ఒకేసారి పైన కనిపించేది చిన్న భాగమే. ‘మూడే పెంకులు’ అని తేలిగ్గా తీసేయకండి.

ఏరుకోవడం తగ్గించండి. అనుమతి ఉంటేనే ఏరండి. కాలం చెప్పే మూతి అంచులు, అడుగు ముక్కలు, అలంకరణ ఉన్నవి కొన్ని చాలు, మిగతావి లెక్కపెట్టి అక్కడే వదిలేయండి. సంచీ లోపలొక చీటీ, పైనొక రాత, రెండూ పెన్సిల్‌తో లేదా తడికి చెరగని సిరాతో. చీటీ పోయిన సంచీలోని పెంకులు దేనికీ పనికిరావు.

ఊరివాళ్ళ దగ్గరికి మొదటి రోజే వెళ్ళండి, సర్వే అయ్యాక కాదు. ‘ఇక్కడ పాత వస్తువులు దొరుకుతాయా’ అని అడిగితే లేవంటారు, నిధుల కోసం వచ్చారనో భూమి లాక్కుంటారనో భయం. ‘మీ పొలంలో నాగలికి రాయి ఎక్కడ తగులుతుంది? ఎక్కడ మట్టి మెత్తగా ఉండి పైరు ఏపుగా వస్తుంది? ఎక్కడ పైరు త్వరగా ఎండుతుంది? బావి తవ్వితే ఏం వచ్చింది?’ అని అడగండి. తమ నేల గురించి వాళ్ళకి తెలిసినంత మీకు ఏ పరికరమూ చెప్పదు. పైరు ఎండిన చోట కింద గోడ ఉండొచ్చు, ఏపుగా ఉన్న చోట పూడిపోయిన గుంటో కందకమో ఉండొచ్చు. పశువుల కాపరులని తప్పకుండా అడగండి, వాళ్ళు వరుసలు వరుసలుగా కాకుండా నేలంతా తిరుగుతారు. ఊరి శ్మశానాలు, ఒంటరి సమాధులు, పూజలందుకునే రాళ్ళు, చెట్లు ఉన్న చోట్లు కూడా ఆ మాటల్లోనే బయటికొస్తాయి. అవి పురావస్తు జాబితాలోకి రాకపోయినా మీ మ్యాపులోకి రావాలి.

ఇక పైరున్న సగం. మొదటి కోరిక కోత అయ్యాక మళ్ళీ రావడానికి సమయం. గట్టిగా అడగండి. ఆ గడువు దొరకకపోతే మిగిలిన ఎనిమిది రోజుల్ని ఎర్రరంగు చోట్ల మీదే పెట్టండి. రైతు ఒప్పుకున్న చోట పారతో అరమీటరు లోపు వెడల్పున చిన్న గుంతలు తవ్వి, మట్టి జల్లించి చూడటం ఒక పద్ధతి. అమెరికాలో అడవి, గడ్డి నేలల్లో ఇదే మామూలు, గుంతల మధ్య ఎడం చాలాసార్లు 15 నుంచి 30 మీటర్లు. కానీ పెంకులు పలచగా ఉన్న చోట గుంత సరిగ్గా వాటి మీద పడాలి, లోపల ఏదైనా ఉండాలి, ఉన్నదాన్ని మనం గుర్తుపట్టాలి. మూడూ కలిసిరావడం తక్కువ. కాబట్టి ఖాళీ గుంతని ఖాళీ నేలకి రుజువుగా చూపకండి. వరద నేలల్లో మట్టిలోకి తిప్పుతూ దించే చేతి ఆగర్‌తో లోతు మట్టి తీసి చూడటం అంతకన్నా ఉపయోగం.

నేలలోని అయస్కాంత తేడాల్ని కొలిచే మాగ్నెటోమీటరు కాలిన మట్టిని, కొలుముల్ని, పూడిన కందకాల్ని బాగా చూపిస్తుంది. అదే నల్లరాతి బసాల్టు నేల మీద, ఇనుప కంచెల పక్కన, హైటెన్షన్ లైన్ల కింద చిక్కు పెడుతుంది. పైగా చిన్న కర్రగుంజల గుంతలు చాలాసార్లు దానికి అందవు. ఐర్లండులో ఎం3 మోటారువే దారిలో లిస్‌ములిన్ దగ్గర 2007లో పైమట్టి తీసి తవ్వుతుండగా ఇనుపయుగపు గుంజల వలయం బయటపడింది. వ్యాసం 80 మీటర్లు, నిర్మాణమంతా కర్రగుంజల గుంతలే. అంత పెద్దది, అప్పటికే గీత ఖాయమైపోయిన దారిలో. దాన్ని జాతీయ స్మారకంగా గుర్తించారు, తవ్వి నమోదు చేశారు, 2010లో రోడ్డు తెరిచారు. ఇంగ్లండులో వేమత్ రిలీఫ్ రోడ్డు వేస్తుండగా 2009లో రిడ్జ్‌వే కొండ మీద పాత రోమన్ క్వారీ గుంతలో తలలు నరికిన యాభైకి పైగా మనుషుల అస్థిపంజరాలు దొరికాయి. ఒక గుంత, దాని మీద మట్టి, ఆ పైన గడ్డి. ఎంత శ్రద్ధగా నడిచినా పైనుంచి అది తెలిసే వీలు లేదు. అందుకే నడక సర్వే మొదటి మెట్టు మాత్రమే అని మీ నివేదికలో తేటగా రాయాలి. దాని తర్వాత యంత్రంతో పైమట్టి జాగ్రత్తగా తీసే పరీక్ష కందకాలు ఉండాలి. బ్రిటన్‌లో సాధారణంగా నేలలో రెండు నుంచి ఐదు శాతం ఇలా తెరుస్తారు. ఎక్కడ తెరవాలో చెప్పేది మీ మూడు రంగుల మ్యాపే. మూడో రంగు చోట్లకే మొదటి కందకాలు పడాలి.

మట్టి ఎక్కడి నుంచి తెస్తారని అడగమన్నాను. రోడ్డు పట్టీలో జరిగే నష్టాన్ని అందరూ చూస్తారు. కట్టకి మట్టి తవ్వే చోట్లు, కంకర క్వారీలు, లారీల తాత్కాలిక దారులు, కూలీల క్యాంపులు, తారు ప్లాంటు, పక్కకి జరిపే నీటి పైపులు, కరెంటు లైన్లు పట్టీకి కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు. సర్వే అప్పటికి వాటి చోటు ఖరారే అయి ఉండదు, కాంట్రాక్టరు వచ్చాక చూసుకుంటాడు. కట్టకి కావాల్సింది ఎత్తైన, గట్టి, దగ్గరి మట్టి. పాత ఊళ్ళు ఉండేది కూడా ఎత్తైన చోటే. దిబ్బలు ఎక్కువ పోయేది ఇలాగే. కాబట్టి ‘మట్టి తవ్వే ప్రతి చోటునీ తవ్వకముందు ఇదే పద్ధతిలో చూడాలి’ అన్న షరతు కాంట్రాక్టులోకి వెళ్ళేలా ఇప్పుడే రాయండి. వీలైతే ఇంకో అడుగు ముందుకేసి, పట్టీ చుట్టుపక్కల ఏ మెరకలు ముట్టుకోకూడదో ఒక మ్యాపు ఇచ్చేయండి. మీరు ఇవ్వకపోతే ఇంకెవరూ ఇవ్వరు.

ఒక్క పేజీ అడిగారు కదా, ఇవ్వండి. కానీ ఆ పేజీ చైనేజీ పట్టికగా, అంటే రోడ్డు మొదలు నుంచి ఎన్నో కిలోమీటరు అన్న లెక్కతో ఉండాలి. ఇంజినీర్లకి అక్షాంశాలు రేఖాంశాల కన్నా ‘12.400 నుంచి 12.650 వరకు, ఎడమ వైపు’ అంటే వెంటనే అర్థమవుతుంది. ప్రతి ముక్కకీ నేల తీరు, నేల కనపడిన శాతం, ఏం చేశాం, ఏం చూశాం, ఇంకా ఏం చేయాలి. వాక్యం ఇలా ఉండొచ్చు: ‘ఒండ్రు నేల, పైరు, కనపడింది ఐదు శాతం లోపు, పైన ఏమీ కనపడలేదు, వాగు ఒడ్డులో 1.4 మీటర్ల లోతున బొగ్గు, పెంకుల పొర, తీర్పు ఇవ్వలేం, వంతెన పునాదికి ముందు పరీక్ష కందకం తప్పనిసరి.’ ఇందులో డిజైన్ చేసేవాళ్ళకి చేయాల్సిన పని ఉంది. ‘ప్రాముఖ్యం ఉన్నవేమీ గుర్తించబడలేదు’ అన్న వాక్యంలో అదేమీ లేదు, ఆ వాక్యాన్ని మీ నివేదికలోకి రానివ్వకండి.

స్థలం దొరికిన చోట మీ మొదటి సలహా గీత జరపమని ఉండాలి. అది కుదరకపోతే కోత బదులు కట్ట పోసి పైనుంచి వెళ్ళొచ్చేమో అడుగుతారు. కొన్నిచోట్ల అది మంచిదే, కానీ పైమట్టి గీకకుండా, కింద గుడ్డ పొర పరిచి, బరువుకి నేల ఎంత దిగుతుందో లెక్క వేశాకే. కట్ట కింద పడ్డది మళ్ళీ ఎవరికీ అందదు. తవ్వి నమోదు చేయడం చివరి మార్గం, దానికి కావాల్సిన నెలలు రోడ్డు షెడ్యూలులో ముందే ఉండాలి.

కచ్చితమైన స్థలాల మ్యాపుని అధికారులకిచ్చే ప్రతిలోనే ఉంచండి. అందరికీ వెళ్ళే ప్రతిలో చైనేజీ ముక్కలే చాలు, నిధుల వేటగాళ్ళు నివేదికలు చదువుతారు. పని నడిచేటప్పుడు ఏదైనా బయటపడితే యంత్రం ఎవరు ఆపాలి, ఎంత దూరం వరకు ఆపాలి, ఎవరికి ఫోన్ చేయాలి, మనిషి ఎముకలైతే పోలీసులకి ఎవరు చెప్పాలి అన్నది అరపేజీలో రాసి, పొక్లెయిన్ నడిపేవాళ్ళ భాషలో అచ్చు వేయించి, సైటు ఆఫీసు గోడకి అంటించేలా చూడండి. ఆ అరపేజీలో ఉన్నదాన్ని పని మొదలయ్యే రోజు ఎవరో ఒకరు డ్రైవర్లకి నోటితో చెప్పాలన్న మాట కూడా షరతుల్లో చేర్చండి.